ఉన్నారా, పోనారా?

మొన్న వానల్లో ఒక ఉదయం మా చర్చి కుటుంబాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి వచ్చింది. "అత్తకి ఏమీ బాగోలేదు. కోరాపుట్ ఆస్పత్రిలో ఉంది. అందరూ ప్రార్థన చెయ్యండి." పెట్టినవాడు ఆవిడ మేనల్లుడు. నేను కళ్లజోడు తుడుచుకుని రెండోసారి చదివేలోగా కింద దండం పెట్టే చేతులు వరసకట్టేశాయి. ఎవరో ఆవిడ ఫొటో చుట్టూ గులాబీలు అతికించి "ప్రభువునందు నిద్రించిన" అని మొదలుపెట్టారు. ఇంకొకరు భూస్థాపన ఎన్ని గంటలకని అడిగారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

ఆవిడ పోయిందని వీళ్లకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మా వాళ్లలో దూరాన ఉన్నవాళ్లకి చావు కబురు తిన్నగా చెప్పరు. టెలిగ్రాముల కాలం నుంచీ ఇదే వరస. ఇక్కడ శవపెట్టెకి కొలతలు తీసుకుంటున్నా సరే, అక్కడికి మాత్రం "ఒంట్లో బాగోలేదు, వెంటనే బయల్దేరు" అనే కబురు వెళ్తుంది. అందుకున్నవాడికి సంగతి తెలుసు. తెలిసినా తెలియనట్టు ఉండటం మర్యాద. దారిలో గుండె ఆగిపోతుందని భయమట! సరే, పోయినవాళ్ల సంగతి అలా దాచుకున్నారు. మరి నిజంగానే బాగోలేక మంచం మీద ఉన్నవాళ్ల గతేమిటి? వాళ్ల గురించి కబురు వెళ్లినా అందుకున్నవాడు పోయారనే లెక్క వేసుకుంటాడు. ఇక తొందరేముంది? నలుగురినీ కూడగట్టుకుని మర్నాటికి తీరిగ్గా దిగుతాడు. ఈ దిక్కుమాలిన అలవాటుతో ఒకే ఒక్క మనిషి బతుకంతా పోట్లాడింది. చివరికి ఆ మనిషికీ ఇదే జరగబోయింది.

ఆవిడ పేరు రాయను. రాయగడలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. ఊళ్లో అందరికీ టెలిఫోన్ అమ్మగారు. రక్తసంబంధం లేకపోయినా మాకు అత్త. పెళ్లి చేసుకోలేదు. ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఇప్పటి పిల్లలకి ఈ ఉద్యోగం ఏమిటో విడమరిచి చెప్పాలి. అప్పట్లో ఫోను ఎత్తితే ముందు ఆవిడే పలికేది. ఎవరు కావాలో చెప్తే, ఎదురుగా ఉన్న నిలువెత్తు బోర్డులో ఒక తీగ లాగి ఇంకో రంధ్రంలో గుచ్చి ఇద్దరినీ కలిపేది. దూరపు ఊళ్లయితే ట్రంకు కాల్ బుక్ చేసుకుని, ఆవిడ మళ్లీ పిలిచేదాకా కాచుకుని కూర్చోవాలి. కోస్తా నుంచి ఉద్యోగాలకని వచ్చి ఇక్కడ పాతుకుపోయిన మాలాంటి టీచర్లకి, నర్సులకి, గుమస్తాలకి సొంత ఊరి గొంతు వినబడాలంటే ఆవిడ చెయ్యి కదలాలి.

ఎప్పుడు చూసినా బుగ్గన అల్లం ముక్క ఉండేది, గొంతు బొంగురుపోకుండా. చెవులకి తగిలించుకునే బిళ్లల ఇనుప పట్టీ వల్ల నడినెత్తిన జుట్టు అణిగిపోయి అక్కడో పాయ తీసినట్టుండేది. ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడేది, ఎదురుగా కూర్చున్నవాళ్లు పర్లాకిమిడిలో ఉన్నారన్నట్టు. డొంకతిరుగుడు మాటలంటే బొత్తిగా పడేది కాదు. పంచదార బదులు కోసం వచ్చిన పక్కింటావిడ ఎండల గురించి మొదలుపెడితే, "వచ్చిన పని ముందు సెప్పీ, కబుర్లు తరవాత ఆడుకుందుం" అనేది. ఎవరైనా ఏడుస్తుంటే ఓదార్చడం ఆవిడకి రాదు. అరచెయ్యి పైకెత్తి అలా ఆగి ఉండేది. ఏడుపు అయ్యాక, "అయిందా? ఊఁ, ఇప్పుడు సెప్పు" అనేది. చాలామందికి ఇది రాతిగుండెలా కనిపించేది. చర్చిలో పాస్టరుగారు ఫలానా సహోదరుడికి ఒంట్లో బాగోలేదు, ప్రార్థిద్దాం అంటే చాలు, ఆడవాళ్ల వైపు నుంచి లేచి నిలబడేది. "ఉన్నారా, పోనారా, పాస్టరుగారూ? ఏ పాట ఎత్తాలో తెలవాలి కదా." అందరూ తలలు దించుకుని నవ్వుకునేవారు. ఆవిడ మాత్రం నవ్వేది కాదు, జవాబు వచ్చేదాకా కూర్చునేదీ కాదు.

ఈ పట్టుదల ఎక్కడ మొదలైందో ఒకరోజు చింతపండు పిక్కలు తీస్తూ నాకు చెప్పింది. రాయగడ బజారులో ఒక బట్టల కొట్టు అతను ఉండేవాడు. అతని వాళ్లు గుణుపురం దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునేవారు. ఒకరోజు అతనికి గుణుపురం ఆస్పత్రి నుంచి తమ్ముడు ఫోను చేశాడు.

"అమ్మకి బాగోలేదన్నా, బేగి రా అన్నాడమ్మీ ఆడు. ఆస్పత్రి వరండాలో ఫోను, ఆ పక్కనే ముసల్దాని మంచం. ఎనకాల నుంచి అడగతంది, పెద్దోడు వస్తన్నాడేటి, వస్తన్నాడేటి అని. నా సెవిలో తగిలించుకుని ఉన్నాను కదా, నాకు ఇనబడింది. కొట్లో ఆ సందడికి ఈడికి ఇనబడలేదు. లైన్లో మాటాడకూడదని మాకు రూలు. ఊరుకున్నాను."

కొట్టు అతను తల్లి పోయిందనే అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. బోరిగుమ్మలో ఉన్న చెల్లెలికి కబురంపి, ఆమె వచ్చేదాకా ఆగాడు. తన కొట్లోంచే తల్లి మీద కప్పడానికి కొత్త గుడ్డ చింపుకున్నాడు. మర్నాడు వెళ్లి దిగేసరికి ఆవిడ ప్రాణం పోయి ఎంతోసేపు కాలేదు. అప్పటిదాకా కొడుకు కోసం గుమ్మం వైపే చూస్తూ ఉందట. దినాలు అయ్యాక అతను ఎక్స్ఛేంజికి వచ్చాడు.

"అమ్మగారూ, ఆవేళ మీకేటైనా ఇనబడిందా అనడిగేడు. ఇనబడింది బాబూ అన్నాను. అబద్దం ఎలగ ఆడతాను? ఆడు కాసేపు కూకున్నాడు, లేచి ఎల్లిపోనాడు. నన్ను తిట్టినా బాగుణ్ణమ్మీ."

ఆ రోజు నుంచి అలాంటి కాల్ ఏది వచ్చినా ఆవిడ మీట నొక్కి లైన్లోకి వచ్చేసేది. "ఆపరేటర్ని మాటాడతన్నాను. ఉన్నారా, పోనారా? ఆ ఒక్క మాటా సెప్పీండి, తరవాత మీరూ మీరూ మాటాడుకోండి." ఒడియా వాళ్లయితే "అఛంతి నా నాహాంతి?" అని ఒడియాలో అడిగేది. కొందరు తెల్లబోయేవారు, కొందరు తిట్టేవారు. ఆవిడ తీగ మాత్రం లాగేది కాదు, జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ అడిగేది.

నాకు ఆ గొంతు అవసరమైన రోజు ఒకటి వచ్చింది. అప్పుడు నేను కోరాపుట్‌లో టీచరు ట్రైనింగులో ఉన్నాను. నాన్న రాయగడలో బడిపంతులు. ఒక మధ్యాహ్నం హాస్టలుకి ఫోను వచ్చింది. అవతల మా చిన్నాన్న.

"నాన్నకి కొంచెం బాగోలేదమ్మా. ఒకసారి వచ్చి ఎల్లు. కంగారేటీ లేదు, రేప్పొద్దున్నే బయల్దేరు."

కంగారు లేదంటే ఇంకేముంది? నాన్న పోయారనే అనుకున్నాను. పక్కనే ఉన్న వార్డెన్‌గారు నా మొహం చూసి, "పాపం, రేపు మొదటి బస్సుకి ఎవరినైనా తోడిచ్చి పంపుతాను" అనేసింది. ఆవిడా లెక్క వేసేసుకుంది. నేను ఫోను పెట్టెయ్యబోతుంటే లైన్లో అత్త గొంతు వచ్చింది.

"ఓలమ్మీ, పెట్టీకు. బాబూ, మాస్టారు ఉన్నారా, పోనారా?"

"అదేటండీ, మీరు మద్దెలో..." అన్నాడు చిన్నాన్న.

"మద్దెలోనే ఉంటాను, నా కొలువే అది. ఉన్నారా, పోనారా?"

"ఆడపిల్ల, దారిలో బెంగెట్టుకుంటాదని..."

"బెంగ సంగతి తరవాత. ఉన్నారా?"

చిన్నాన్న గొంతు తగ్గించి, "ఉన్నారు. మాటాడతన్నారు" అన్నాడు.

"ఇన్నావా అమ్మీ? మీ నాన్న ఉన్నారు. ఏడుపు తరవాత ఏడు, ఇప్పుడు బండెక్కు. బస్సు లేకపోతే లారీ ఎక్కు."

లారీయే ఎక్కాను. దీపాలు పెట్టే వేళకి ఇంటికి చేరాను. నాన్న కళ్లు తెరిచి నన్ను చూసి, లారీ డ్రైవరుకి టీ ఇప్పించావా అని అడిగారు. ఆ తరవాత నా పరీక్షల గురించి అడిగారు, అమ్మని కేకలెయ్యొద్దన్నారు, నా చెయ్యి పట్టుకుని నిద్రపోయారు. మర్నాడు వార్డెన్‌గారు చెప్పిన మొదటి బస్సు కోరాపుట్‌లో బయల్దేరే వేళకి ఆయన లేరు.

ఇంత మేలు చేసిన మనిషికి మేమేం చేశామో తెలుసా? మా చిన్నాన్న ఆవిడ మీద ఫిర్యాదు రాశాడు. ఇంటి విషయంలో ఆపరేటరు తల దూర్చిందట, అందరూ వినేలా అడిగి పరువు తీసిందట. మా నాన్న ఆఖరి సాయంత్రం నాతో మాట్లాడారన్నది ఆయన లెక్కలోకే రాలేదు. అప్పటికి నాకు ఆ సంగతి తెలియదు. తెలిశాక ఆయన బతికున్నంతకాలం ఆయనింట్లో మంచినీళ్లు ముట్టలేదు. ఇది రాస్తున్నందుకు వాళ్ల పిల్లలు నొచ్చుకుంటారేమో, నొచ్చుకోనీ.

విచారణకి ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడట. ఆపరేటరు లైన్లో మాట్లాడకూడదని తెలుసా అని అడిగాడట.

"తెలుసు సార్. రూలు పుస్తకంలో ఉంది. మనుషుల్ని కలపమని కూడా అందులోనే ఉంది. తల్లి బతికుండగా కొడుకుని శవం కాడికి పంపితే అది కలపడం అవుతాదేటి సార్?"

ఆయన బదిలీ కాగితం తీసి బల్ల మీద పెట్టాడట. బోరిగుమ్మకి పంపేశారు. సామాను లారీకి ఎక్కిస్తుంటే మా అమ్మ వెళ్లి ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఒక చేత్తో కుక్కరు పట్టుకుని రెండో అరచెయ్యి ఎత్తి అలాగే నిలబడింది.

కొన్నాళ్లకి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజిలు వచ్చాయి. బోర్డులు ఊడబీకి ఎక్కడో పడేశారు. ఆవిణ్ణి ఫిర్యాదులు వినే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి, పోయాయి. సెల్లులు వచ్చాయి, ఇప్పుడు కొండ మీద సంతలో అల్లం అమ్ముకునే మనిషి చేతిలో కూడా బొమ్మ కనబడే ఫోనుంది. టెలిగ్రాము గుమస్తా పోయాడు, ట్రంకు కాల్ పోయింది, తీగ పోయింది. ఇంత చదువుకున్నాం, ఇన్ని యంత్రాలు కొన్నాం, అయినా మనిషి ఉన్నాడో లేడో తిన్నగా చెప్పే దమ్ము మాత్రం మనకి రాలేదు. అత్త రిటైరై కోరాపుట్‌లో మేనల్లుడి దగ్గర ఉంటున్నప్పుడు నేను ఈ మాటే అంటే, ఆవిడ కొత్త ఫోను చీర కొంగుతో తుడుస్తూ అంది:

"అప్పుడు మద్దెన నానుండీదాన్ని. సెడ్డదాన్నో మంచిదాన్నో, అడిగీదాన్ని. ఇప్పుడు మద్దెన ఎవులున్నారు? యంత్రం అడగతాదేటి?"

యంత్రం అడగదని తనే అడగడం మొదలుపెట్టింది. చర్చి గ్రూపులో ఎవరి కోసం ప్రార్థన చెయ్యమన్నా వెంటనే ఆవిడ గొంతు వాయిస్ మెసేజిలో వచ్చేది. "ఉన్నారా, పోనారా? ఉంటే ఏ వార్డులో ఉన్నారు? సూసెల్లడానికి ఎవులెల్తన్నారు?" కొందరికి కష్టం కలిగింది. కష్టంలో ఉన్నవాళ్లని అలా నిలదియ్యడం క్రైస్తవ పద్ధతి కాదని పెద్దలు తీర్మానించి ఆవిణ్ణి గ్రూపులోంచి తీసేశారు. ఆవిడ పాటలు కావాలి, క్రిస్మస్‌కి ఆవిడ చేసే కజ్జికాయలు కావాలి. ప్రశ్న ఒక్కటే అక్కర్లేదు. అలా తీసెయ్యబట్టే మొన్న తన గురించి తనే "ఉన్నాను" అని చెప్పుకునే దారి లేకపోయింది.

ఆ ఉదయం నేను మేనల్లుడికి ఫోను చేశాను.

"అత్త ఉందా, పోయిందా?"

"అదేటక్కా, బాగోలేదని పెట్టేను కదా."

"నేనడిగిందానికి చెప్పు."

"ఉందక్కా. ఆక్సిజన్ పెట్టేరు. డాక్టరు ఆశ లేదన్నాడు. మాటాడతంది, సిన్నత్తనే అడగతంది."

"ఆ మాటే రాయొచ్చు కదరా?"

"అలగ రాస్తే బాగోదక్కా."

బాగోదట! ఇంకేం మాట్లాడతాను? పెట్టేసి చిన్నత్తకి చేశాను. చిన్నత్త అంటే అత్తకి ఒక్కగానొక్క చెల్లెలు, తెరుబలిలో ఉంటుంది. రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులతో కదల్లేక అక్కని చూడనే లేదు. ఫోను ఎత్తుతూనే ఘొల్లుమంది.

"మా అక్క ఎల్లిపోనాదమ్మీ!"

"పోలేదు చిన్నత్తా. ఉంది. నిన్నే అడుగుతోందట. ఇప్పుడే బయల్దేరు."

"నాను తట్టుకోలేనని సెప్తన్నావు. నాకు తెలుసమ్మీ. ఫొటోకి పువ్వులెట్టీసేరు, సూసేను. మీ మావయ్య పోయినప్పుడూ నాకు ఇలగే సెప్పేరు, ఉన్నాడు రా, ఉన్నాడు రా అని. ఎల్తే సాపలో సుట్టి ఉన్నాడు."

ఇది నేను ఊహించలేదు. పోయినవాళ్లని ఉన్నారని చెప్పీ చెప్పీ, ఉన్నవాళ్లు ఉన్నారన్నా నమ్మకుండా చేసేశాం. తెరుబలి నుంచి రేపు పొద్దున్న అందరూ కలిసి ఒకే బండిలో వెళ్దామని అనుకున్నారట. ఇక ఫోనులో లాభం లేదని కారు మాట్లాడుకుని నేనే తెరుబలి వెళ్లాను. వాకిట్లో అప్పుడే ప్లాస్టిక్ కుర్చీలు వేసేశారు. ఇరుగుపొరుగు టీలు తాగుతున్నారు. చిన్నత్త లోపల చాప మీద, తెల్లచీరలో ఉంది. నేను ఉందంటే పక్కవాళ్లు నాకు కనుసైగ చేశారు, బాగా చెప్తున్నావమ్మా అన్నట్టు. నాకు ఆ కుర్చీలన్నీ రోడ్డు మీదికి విసిరెయ్యాలనిపించింది.

మేనల్లుడికి ఫోను చేసి, అత్త నోటి దగ్గర పెట్టమన్నాను. స్పీకరు పెట్టి చిన్నత్త ముందు ఉంచాను. బొమ్మ చూపిద్దామంటే ఆవిడ వద్దంది, పీనుగుని ఫోనులో చూడలేనంది. ఇటు చిన్నత్త "అక్కా, అక్కా" అని ఏడుస్తోంది. అటు నుంచి ఆక్సిజన్ బుసబుస ఒక్కటే వినబడుతోంది. పక్కవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చిన్నత్త ఏడ్చి ఏడ్చి ఊపిరి తీసుకోడానికి ఆగింది. అప్పుడు అటు నుంచి నీరసంగా ఒక గొంతు వచ్చింది.

"అయిందా?"

చిన్నత్త గబుక్కున ఫోనుకి చెవి ఆనించింది.

"ఓలి, ఉన్నాను. ఎంతసేపుంటానో సెప్పలేను. బేగి రా."

ఏ చుట్టం ఇలా మాట్లాడతాడు చెప్పండి? ఓదార్పు లేదు, పలకరింపు లేదు. చిన్నత్త ఇంకెవరినీ అడగలేదు. తెల్లచీర మార్చుకోవడానికి కూడా ఆగలేదు, మోకాళ్లు పట్టుకుని కారెక్కేసింది. ఘాట్ ఎక్కాక సిగ్నల్ పోయింది. దారంతా వాన. ప్రతి మలుపు దగ్గరా "ఉందంటావా?" అని అడిగింది. నాకు తెలీదనే చెప్పాను. ఆ కారులో కూడా అబద్ధం ఆడాలనిపించలేదు.

ఉంది. మేం వెళ్లేసరికి మంచం తల వైపు ఎత్తించుకుని కూర్చుని ఉంది. చెల్లెల్ని చూసి, "తెల్లచీర కట్టీసేవేటే, తొందరగా?" అంది. ఆ సాయంత్రమంతా ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఎప్పుడో పోట్లాడుకున్న కుట్టుమిషను గురించి మళ్లీ పోట్లాడుకున్నారు. మాట అందనప్పుడు చిన్నత్త ఆవిడ పాదాలకి కొబ్బరినూనె రాస్తూ కూర్చుంది. గ్రూపులో దండాలు పెట్టిన అంతమందిలో ఆ రోజు ఆస్పత్రి గుమ్మం తొక్కినవాళ్లం మేమిద్దరమే.

మర్నాడు పొద్దున్న, చిన్నత్త చేతిలో చెయ్యి ఉండగానే ఆవిడ పోయింది.

మేనల్లుడు వరండాలో నిలబడి బొబ్బిలిలో ఉన్న తన పెదనాన్న కూతురికి ఫోను చేస్తున్నాడు. "అత్తకి ఏటీ బాగోలేదక్కా, ఒకపాలి వచ్చెల్తే..." అంటున్నాడు. నేను లేవబోయాను. నాకంటే ముందే చిన్నత్త గోడ పట్టుకుని వెళ్లి వాడి చేతిలో ఫోను లాక్కుంది.

"పోయింది. మా అక్క ఇప్పుడే పోయింది. నాను దగ్గరుండగా పోయింది."

అవతలి మనిషి కేక మాకు కూడా వినబడింది. ఆ వెంటనే కోపంగా అంది: "అలగ తిన్నగా సెప్పీడవేటి సిన్నత్తా? ఇనేవోళ్ల గుండె ఆగిపోతే?"

చిన్నత్త ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"ఆగలేదు కదా. రండి."